తెడ్డు పట్టిన ఆదివారాలు

అమ్మ పోయాక వచ్చిన మొదటి వేసవిలో ప్రతి ఆదివారం పొద్దున్నే నేను గోదావరి మీద, గాలి నింపిన ఒక బల్ల మీద మోకాళ్లు మడిచి కూర్చున్నాను. ఎందుకని ఎవరైనా అడిగితే చెల్లి కోసం అనేదాన్ని. చెల్లిని అడిగితే అక్క కోసం అనేది.

అమ్మ క్రిస్మస్ అయ్యాక, జనవరిలో పోయింది. నేను ఏడవలేదు. సమాధి దగ్గర ఏడవలేదు. ఆదరణ కూడికకు వచ్చినవాళ్లకు టీలు అందిస్తూ, ఎవరికి పంచదార వద్దో గుర్తుపెట్టుకుని మరీ ఇచ్చాను. మా సంఘం పాస్టరు అయ్యగారి భార్య నా తల మీద చెయ్యి వేసి, విశ్వాసం గట్టిదమ్మా నీది అన్నారు. అది విశ్వాసం కాదు. పంటి డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక దవడ ఎలా ఉంటుందో, నేను మొత్తం అలా ఉండేదాన్ని. అక్కడ ఉందని తెలుస్తుంది, ముట్టుకుంటే తెలియదు.

పని మాత్రం ఆగలేదు. నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో క్లర్కుని. వెళ్లి వచ్చేదాన్ని. నాన్నకీ, చెల్లికీ, నాకూ వంట చేసేదాన్ని. చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు ఉంది కాబట్టి అదీ మానలేదు, కాకపోతే ఆ రోజు కూర పేరు తప్ప రాయడానికి ఏమీ తోచేది కాదు. బీరకాయ. దొండకాయ. ఇంకోరోజు మళ్లీ బీరకాయ. పుస్తకాలు కూడా చదివేదాన్ని. పేజీ చివరికి వచ్చాక పైన ఏముందో గుర్తుండేది కాదు, తిప్పేసేదాన్ని.

మా చెల్లెలు నర్సింగ్ పూర్తి చేసింది. బెంగుళూరులో ఒక పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది, జూన్‌లో చేరాలి. అమ్మకి మంచం మీద ఉండగానే ఆ సంగతి తెలిసింది, పక్కింటావిడకి రెండుసార్లు చెప్పుకుంది. అమ్మ పోయాక చెల్లి బెంగుళూరు మాట ఎత్తడం మానేసింది. నేను ఎత్తితే, చూద్దాంలే అక్కా అనేది. చూసేది నన్నే. నేను అన్నం ఎంత పెట్టుకుంటున్నానో, స్నానానికి వెళ్లి ఎంతసేపటికి వస్తున్నానో, ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేస్తున్నట్టు కనిపెట్టుకుని ఉండేది. నన్ను ఇలా వదిలి అది వెళ్లదని నాకు అర్థమైంది. వెళ్లాలి. ఆ ఒక్క విషయం మాత్రం నాకు మొద్దుబారకుండా తెలిసేది. అందుకని నేను బాగున్నట్టు కనబడాలని నిర్ణయించుకున్నాను. టీవీలో ఎవరైనా నవ్వితే నేనూ నవ్వేదాన్ని. అడగకుండానే, ఈరోజు ఆఫీసులో భలే సరదాగా గడిచింది అనేదాన్ని.

చెల్లి అంతకుముందు ఎప్పుడూ అంత అజాగ్రత్తగా ఉండేది కాదు. తడి తువ్వాలు నా మంచం మీద పడేసేది. పాలు పొయ్యి మీద పెట్టి పొంగిపోయేదాకా పక్కనే నిలబడేది. నా పుస్తకాల పేజీలు మూలలు మడిచేది. ఒకసారి టీ గ్లాసు నేరుగా ఒక పుస్తకం అట్ట మీద పెట్టింది, గుండ్రంగా మరక పడింది. పుస్తకం మూల మడిస్తే నేనెంత గొడవ చేస్తానో మా ఇంట్లో అందరికీ తెలుసు. పదో తరగతిలో ఉండగా ఇదే విషయం మీద దానితో వారం రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు మాత్రం మూలలు ఒక్కొక్కటే సాపు చేసి పుస్తకం అరలో పెట్టేసేదాన్ని. పాపం, అమ్మ లేక దానికీ బుర్ర పనిచేయడం లేదు అనుకున్నాను.

ప్యాడిల్ బోర్డు సంగతి అదే తెచ్చింది. దాని స్నేహితురాలి ఇంట్లోవాళ్లు వేసవిలో ఆదివారాలు నది మీదికి వెళుతున్నారట. పొడవాటి బల్ల, దాని మీద నిలబడి, పొడుగు తెడ్డుతో నడుపుకుంటూ వెళ్లాలట. ఎండెక్కేలోపు అయిపోతుంది, గుడిలో ఆరాధన టైముకి వచ్చేయొచ్చు అంది. నేను వెంటనే వస్తానన్నాను. వద్దంటే ఏమైందని అడుగుతుంది.

బ్యారేజీకి ఎగువన, నది మధ్యలో తేలిన లంకకీ ఒడ్డుకీ మధ్య నీళ్లు కదలనట్టు ఉండే చోట వాళ్లు దిగేవారు. ఆ స్నేహితురాలి నాన్న పంటి డాక్టరు, ఆయన భార్య, బ్యాంకులో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు, కొందరు కాలేజీ పిల్లలు. నేర్పించే ఆయన మా వయసువాడే, అందరినీ సార్, మేడమ్ అనేవాడు. మొదటి రోజు నా చున్నీ చూసి, అది ఒడ్డున పెట్టేయండి మేడమ్, కాళ్లకి చుట్టుకుంటుంది అన్నాడు. మగవాళ్ల మధ్య చున్నీ లేకుండా, తడిసిన బట్టలతో. నాకు సిగ్గు వేయాల్సింది. నేను చున్నీ తీసి మడతపెట్టి చెప్పుల మీద ఉంచాను. లైఫ్ జాకెట్ బిగించాక ఎలాగూ ఏమీ కనబడదు. నా చీలమండకి ఒక తాడు కట్టాడు, దాని రెండో కొస బల్లకి ఉంది. పడితే బల్ల కొట్టుకుపోకుండా.

ముందు మోకాళ్ల మీద కూర్చోవాలి. తెడ్డుని నీళ్లలో ముంచి వెనక్కి లాగాలి. కాస్త కుదురుకున్నాక ఒక్కో పాదం మోపి లేచి నిలబడాలి. అందరూ లేచారు, పడ్డారు, మళ్లీ ఎక్కారు. చెల్లి మొదటి రోజే మూడుసార్లు పడి, నాలుగోసారి నిలబడి, ఒడ్డునున్న గేదెలకి చెయ్యి ఊపింది. నేను మోకాళ్ల మీదే ఉన్నాను. భయమేసి కాదు. భయమైతే బాగుండేది. లేవాలని మోకాళ్లకి చెప్పేదాన్ని, అవి వినేవి కావు, అంతే.

ఒక్కసారి లేచి నుంచో అక్కా, ఫోటో తీసి నాన్నకి చూపిస్తా అనేది చెల్లి. వచ్చేవారం అనేదాన్ని. బాగుందా అనేది. చాలా బాగుంది అని నవ్వేదాన్ని.

నదిలో కొంత దూరం పోయాక అందరూ బల్లలు దగ్గరికి చేర్చి, ఒకరి బల్ల అంచు ఇంకొకరు పట్టుకుని, గుండ్రంగా తేలుతూ కబుర్లు చెప్పుకునేవారు. అసలు అందుకే వచ్చేవారేమో అనిపించేది. డాక్టరు గారి భార్య ప్లాస్టిక్ డబ్బాలో మామిడికాయ ముక్కలు, ఉప్పు కారం తెచ్చేవారు. పట్టిసీమ వైపు వెళ్లే లాంచీ దాటితే అలలకి బల్లలన్నీ ఒకదాన్నొకటి గుద్దుకునేవి, కాలేజీ పిల్లలు కేకలు పెట్టేవాళ్లు. నేను డబ్బా మూత పట్టుకుని ఉండేదాన్ని. మాట్లాడకుండా ఒక పని దొరికితే నాకు చాలు.

అక్కడి నుంచి తడి జుట్టుతోనే గుడికి వెళ్లేవాళ్లం. చున్నీ తల మీద కప్పుకుంటే వెనకంతా తడిసిపోయేది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వరండాలో ఒక ఆంటీ ఆపి, పెళ్లి కావలసిన పిల్లలు నీళ్ల మీద ఈ బల్లలెక్కడాలేంటమ్మా అన్నారు. చెల్లి వందనాలు చెప్పి, నీళ్ల మీద నడవాలంటే విశ్వాసం కావాలి కదండీ ఆంటీ, మాకు అంత లేక బల్ల వేసుకుంటున్నాం అంది. ఆవిడకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. నేను సరైన సమయంలో నవ్వాను. చెల్లి నా నవ్వు చూసి మొహం తిప్పుకుంది.

మే నెల చివర్లో ఒక ఆదివారం లంకకి బాగా దగ్గరగా వెళ్లాం. బల్లలన్నీ చేరాయి, మామిడికాయ డబ్బా నా చేతిలో ఉంది. బ్యాంకు ఆవిడ ఒకరు చెల్లిని అడిగారు.

"బెంగుళూరు ఎప్పుడమ్మా ప్రయాణం? టికెట్లు దొరికాయా?"

చెల్లి నావైపు చూడకుండా, గొంతు తగ్గించి, "వెళ్లట్లేదండి. నిన్న ఫోన్ చేసి రానని చెప్పేశాను" అంది.

నీళ్ల మీద గొంతు తగ్గించినా వినబడుతుంది. డబ్బా పక్కావిడ చేతిలో పెట్టాను.

"ఎవర్ని అడిగి చెప్పావే?"

అందరూ తిరిగి చూశారు. ఆ గొంతు నాదేనని తెలియడానికి నాకూ ఒక క్షణం పట్టింది.

"అది కాదక్కా, ఇక్కడే ఏదో ఒకటి దొరుకుద్ది..."

"ఏది కాదు? నిన్ను నర్సింగ్ చదివించింది నాకు కాపలా కూర్చోవడానికా? నేనేమైనా మంచం పట్టానా? నాకు అన్నం కలిపి పెట్టాలా? అమ్మ పక్కింటావిడకి చెప్పుకుంది, నా కూతురు బెంగుళూరులో చేస్తుందీ అని. ఆవిడకేం చెప్తావిప్పుడు? బుద్ధి ఉందా అసలు నీకు? తడి తువ్వాలు మంచం మీద వేయకూడదని తెలియదు, పుస్తకం మూలలు మడవకూడదని తెలియదు, ఉద్యోగం మాత్రం నీ అంతట నువ్వే వదిలేసుకోడం వచ్చు!"

తువ్వాలు, పుస్తకాలు అందులోకి ఎలా వచ్చాయో నాకు తెలియదు. నేర్పించే ఆయన మెల్లగా, "మేడమ్, మోకాళ్లు కొంచెం వంచండి, అలా బిగుసుకుని నుంచుంటే పడిపోతారు" అన్నాడు. అప్పుడు కిందికి చూశాను. నేను నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో తెలియదు.

కోపంలో ఉన్న మనిషికి అక్కడి నుంచి వెళ్లిపోవాలని ఉంటుంది. నేనూ బల్లని ఒడ్డువైపు తిప్పాను. తెడ్డు ముంచి వెనక్కి లాగాలని అన్ని వారాలుగా చెప్పించుకున్నదాన్ని, ఆ క్షణంలో అదేమీ గుర్తు రాలేదు. అమ్మమ్మ వాళ్లది లంక ఊరు. చిన్నప్పుడు సెలవులకి నాటు పడవలో రేవు దాటేవాళ్లం. పడవాయన గెడ కర్రని నది అడుగుకి గుచ్చి, దాని మీద బరువంతా వేసి నెట్టేవాడు, మమ్మల్ని కూడా ఒక చెయ్యి వేయనిచ్చేవాడు. నా చేతులకి అదే తెలుసు. పొడుగు తెడ్డుని నిలువుగా పట్టుకుని అడుగుకంటా గుచ్చి బలంగా నెట్టాను. లంక అంచున ఒండ్రుమట్టి. తెడ్డు మూరెడు లోతుకి దిగబడిపోయింది. బల్ల మాత్రం చక్కగా ముందుకి సాగింది. నేను తెడ్డు వదల్లేదు. కాళ్లు బల్లతో పోయాయి, చేతులు తెడ్డుతో ఉండిపోయాయి, మధ్యలో నేను నీళ్లలో పడ్డాను.

లోతు నడుము దాకానే. నీళ్లు పైన గోరువెచ్చగా, అడుగున చల్లగా ఉన్నాయి. ఆ చల్లదనం నాకు తెలిసింది. చీలమండకున్న తాడు బల్లవైపు లాగుతోంది, తెడ్డు నా పక్కన పాతిన గుంజలా నిలబడి ఉంది. కాలేజీ పిల్లలు నవ్వు ఆపుకుంటున్నారు. డాక్టరు గారు, దెబ్బేం తగల్లేదు కదమ్మా అని అడిగారు. లేదండి అన్నాను.

చెల్లి కాలి తాడు విప్పేసి, బల్ల వదిలేసి నీళ్లలో నడుచుకుంటూ వచ్చింది. నవ్వుతోందనుకున్నాను. దగ్గరికొచ్చాక చూస్తే నవ్వూ, ఏడుపూ కలిసిపోయి ముక్కు కారుతోంది.

"తిట్టావక్కా" అంది. "జనవరి నుంచీ నువ్వు నన్ను ఒక్క మాట అనలేదు. పాలు పొంగబెట్టినా అనలేదు. టీ గ్లాసు నీ పుస్తకం మీద పెట్టాను, చూస్తూ చూస్తూ పెట్టాను. ఏం అనకుండా తుడిచేసుకున్నావు. ఆరోజు నాకెంత భయమేసిందో తెలుసా?"

"నవ్వుతూనే ఉన్నాగా నీతో."

"అందుకే భయం. ఆ నవ్వు చూస్తే ఒళ్లు జలదరించేది నాకు."

ఇద్దరం కలిసి తెడ్డు పీకాం. ఒక పట్టాన రాలేదు. అది ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని ఊపుతుంటే, ఏకంగా గెడ వేశావేంటక్కా, ఇది మన లంక పడవనుకున్నావా అని నవ్వింది. నోరు మూసుకుని లాగు అన్నాను. దానికి ఆ మాట కూడా బహుమానంలా అందింది.

మర్నాడు పొద్దున అది నా ఎదురుగానే ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఇంట్లో ఇబ్బంది ఉండి అలా చెప్పానండి, ఇప్పుడు తీరిందండి, వస్తానండి అంది. కాసేపు అవతలివాళ్లు మాట్లాడాక, థాంక్యూ అండి, థాంక్యూ అండి అని పెట్టేసింది. వారం ఆలస్యంగా చేరవచ్చన్నారట.

ఆ ఇబ్బంది తీరిందని నేను అనలేను. నది మీద వచ్చిన కోపం ఆ ఆదివారం టిఫిన్ దాకా ఉంది. పెసరట్టు తింటుండగా ఎటో పోయింది, మళ్లీ దవడ మొద్దుబారినట్టే అయింది. చెల్లికి ఆ మాట చెప్పాను. ఫర్వాలేదక్కా, మత్తు దిగేటప్పుడు ఒక్కసారిగా దిగదు, అక్కడక్కడ చిమచిమలాడుతుంది, అది మొదలైతే చాలు, నేను వెళ్లొచ్చు అంది. నర్సులా మాట్లాడింది. నాన్న సూట్‌కేసు దించారు.

చెల్లిని రైలెక్కించి నాన్నా నేనూ స్టేషన్ బయటికి వచ్చేసరికి ఫోన్ మోగింది. వంతెన మీద ఉన్నానంది. చక్రాల మోత తప్ప సగం మాటలు వినబడలేదు. పక్క సీటులో పెద్దావిడ గోదాట్లో వేయమని రూపాయి బిళ్ల చేతిలో పెట్టిందట.

"వేశావా?"

"వేశాను. నాన్నకి చెప్పకు."

నాన్న పక్కనే స్కూటర్ స్టార్ట్ చేస్తూ, ఏంటంటోంది అన్నారు. ఏం లేదు నాన్నా, సీటు బాగానే ఉందట అన్నాను.

తర్వాతి ఆదివారం బ్యాంకు ఆవిడ ఫోన్ చేసి పిలిస్తే నేనొక్కదాన్నే వెళ్లాను. మోకాళ్ల మీదే ఉన్నాను. ఎవరూ లేవమనలేదు. మామిడికాయ డబ్బా నాకే ఇచ్చారు. గుడికి వెళ్లి, తడి చున్నీతో ఇంటికొచ్చి, జుట్టు ఆరబెట్టుకుంటూ చదువుతున్న పుస్తకం తీశాను. నేను గుర్తు పెట్టుకున్న పేజీ నుంచి చివరిదాకా ప్రతి పేజీ మూల మడిచి ఉంది. ఒక్కటి కూడా వదలకుండా, ఒకే కొలతలో. ఎంతసేపు కూర్చుని మడిచిందో.

ఫోన్ చేశాను. అది ఎత్తి అక్కా అనేలోపే మొదలుపెట్టాను. ఊఁ ఊఁ అంటూ మొత్తం వింది. మధ్యలో ఎవరో పిలిస్తే, ఒక్క నిమిషం సిస్టర్, మా అక్క తిడుతోంది అంది. నేను అలిసిపోయి ఆగాక, ఈరోజు కూరేంటి అని అడిగింది.

బీరకాయ అన్నాను.