రమ్మన్న ప్రతి ఇల్లూ

జావాలో మా సోలో ఊళ్ళో, గుమ్మం ముందు నుంచి ఎవరు వెళ్తున్నా "రండి, లోపలికి రండి" అంటాం. ఎవరూ రారు. రాకూడదు కూడా. "ఇంకోసారి వస్తానండీ" అని నవ్వి వెళ్ళిపోవాలి. పొయ్యి మీద అన్నం మాడుతున్నా, ఇంట్లో మొగుడూ పెళ్ళాం కొట్టుకుంటున్నా ఆ పిలుపు మాత్రం పిలవాల్సిందే. దాన్ని నిజమనుకున్న మనిషిని యాభై ఏళ్ళలో ఒక్కణ్ణే చూశాను.

ఆయన పాక్ దర్సోనో, అంటే దర్సోనోగారు. రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యాడు. డెబ్భై ఎనిమిదేళ్ళు. డాక్టరు డిమెన్షియా అన్నాడు. పేర్లు, వారాలు, అన్నం తిన్నాడో లేదో, అన్నీ ఒక్కొక్కటే పోయి, ఆఖరికి "ఇంకోసారి" అన్న మాట కూడా పోయింది. రమ్మంటే వచ్చేసేవాడు. చెప్పులు గుమ్మం దగ్గర పక్కపక్కన పెట్టి, లోపలికొచ్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. టీ వచ్చేదాకా కదిలేవాడు కాదు.

ఒకసారి పెళ్ళిమాటలు జరుగుతున్న ఇంట్లో కూర్చున్నాడు. మగపెళ్ళివారు ఆయన్ని అమ్మాయి తాతగారనుకుని వరసగా చేతికి నుదురు ఆనించి దండాలు పెట్టారు. పిల్లనివ్వడానికి తనకేమీ అభ్యంతరం లేదని ఆయనా చెప్పాడు. సందంతా వారం రోజులు నవ్వుకుంది. ఆయన కూతురు వెనింగ్ మాత్రం నవ్వలేదు. ఇంట్లోనే భోజనాల పెట్టెలు కట్టి అమ్ముకుంటూ తండ్రిని చూసుకునే ఒంటరి మనిషి. సిగ్గుతో చచ్చిపోయి, బజారుకెళ్ళి గేటుకి ఇంత లావు తాళం కొనుక్కొచ్చింది. ఇంకా వెయ్యలేదు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. నేను స్కూలు పిల్లల బట్టలు కుడతాను. జూన్ నెలలో నాకు ఊపిరాడదు. ఒక మధ్యాహ్నం ఆయన వెళ్తుంటే అలవాటుగా రమ్మన్నాను, నాలిక్కరుచుకుని లోపలికి పోయి తలుపు గడియ పెట్టుకున్నాను. ఆయన ఎండలో నిలబడే ఉన్నాడు. నేను పిలిచానాయె.

అది లస్మినీ కంట పడింది.

లస్మినీకి అరవై దాటాయి. పొద్దున్నే ఆకుకూరల మీద వేరుశనగ పచ్చడి పోసి అమ్ముతుంది. అది అయ్యాక సైకిలెక్కి సందులో ముసలివాళ్ళ బరువులూ బీపీలూ చూస్తుంది. ఎవరూ అడగలేదు, పదిహేనేళ్ళుగా చూస్తోంది. నోరు మంచిది కాదు. ఆ రోజు పెద్దాయన్ని నీడలో కూర్చోబెట్టి నా తలుపు బాదింది.

"పిలిచింది నువ్వా, ఆయనా?"

"నేనే. ఊరికే అన్నానక్కా."

"ఊరికే అన్నావని ఆయనకి తెలియట్లేదు. నీకు తెలుసుగా. మరి బుద్ధి పోయింది ఎవరికి?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన్ని లోపలికి తీసుకొచ్చి టీ పెట్టాను.

తరవాత నెల ముసలివాళ్ళ బరువులు చూసే రోజున లస్మినీ ఆడవాళ్ళందర్నీ నిలబెట్టి చెప్పింది. "పిలవడం మానేయండి. లేదా పిలిస్తే టీ పొయ్యండి." పిలవడం ఎలా మానేస్తాం? నాలుక దానంతటదే అనేస్తుంది. అందుకని టీ అనుకున్నాం. సగం గ్లాసు, పంచదార లేకుండా. ఆయనకి షుగరు.

"నేనెవరో చెప్పుకోండి అని అడగొద్దు, ఆయనేం పరీక్షకి రాలేదు," అంది లస్మినీ. "పంపించాలంటే వెళ్ళమనకండి. 'గార్డుగారూ, బండి టైమైంది' అనండి చాలు. గుమ్మం దాకా వెళ్ళండి. పక్కింటివాళ్ళు రమ్మంటారు. మన సందు గుండ్రమేగా, అలా పదకొండిళ్ళు దాటితే మళ్ళీ ఆయన గేటే వస్తుంది."

"తప్పు చెప్తే సరిదిద్దక్కర్లేదా?" అంది వెనింగ్ నిష్ఠూరంగా. ఆమె రోజంతా సరిదిద్దేది.

లస్మినీ గొంతు తగ్గించింది. "మా అత్తకీ ఇదే జబ్బు. మీ మావగారేరీ అనేది. పోయారత్తా అని నిజం చెప్పేదాన్ని. ప్రతిసారీ కొత్తగా ఏడ్చేది. ఒక్కసారి పోయిన మొగుణ్ణి ఆవిడకి వెయ్యిసార్లు చంపి చూపించాను. ఇప్పుడా పని ఎవరు చేసినా ఊరుకోను."

వెనింగ్ పది రోజులు గడువిచ్చింది. ఒక్కసారి కనబడకుండా పోయినా తాళమే. తాళం పడితే ఆయన నడకా పోతుంది, మాటా పోతుంది, మనిషే పోతాడు. అది మాకందరికీ తెలుసు.

ఎనిమిది రోజులు ఆయన ఇంటి నుంచి ఇంటికి చక్కగా చేరాడు. నా కుట్టుమిషను చప్పుడు వింటూ తల ఊపేవాడు. ఆ పావుగంట కోసం నేనే ఎదురుచూడ్డం మొదలెట్టాను. తొమ్మిదో రోజు ఏడో ఇంట్లో టీ తాగి బయల్దేరాడు, ఎనిమిదో ఇంటికి రాలేదు.

వెనింగ్ ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. "కాలవ వైపు వెళ్ళుంటారు!"

"ఆయనంతట ఆయన ఎక్కడికీ వెళ్ళరు," అంది లస్మినీ సైకిలు తిప్పుతూ. "ఎవరో పిలిచుంటారు. ఏడుకీ ఎనిమిదికీ మధ్య నోరున్నవాళ్ళెవరు?"

కడుతున్న కొత్త ఇల్లుంది. లోపల కూలీలు ఆలస్యంగా అన్నాలు తింటున్నారు. వాళ్ళు మాత్రం జావా మనుషులు కారా? ముందు నుంచి పెద్దాయన వెళ్తుంటే "రండి, భోంచేద్దాం" అన్నారు. సిమెంటు బస్తా మీద కూర్చుని, వేయించిన సోయా టెంపే ముక్క కారంలో అద్దుకుని తింటున్నాడు దర్సోనో. "మేం ఊరికే అన్నామండీ," అన్నాడు మేస్త్రీ బిక్కమొహం వేసి. "ఇకనుంచి మీది ఏడున్నర నంబరు ఇల్లు," అంది లస్మినీ.

నేనూ లస్మినీ ఆయన్ని తీసుకొచ్చేసరికి సాయంత్రపు ఎండ సందులో పడుతోంది. వెనింగ్ గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో తాళం.

"రండి నాన్నా, లోపలికి రండి," అంది.

ఆయన ఆగాడు. ఆమె వైపు చూసి, కొంచెం వంగి, ఎంతో మర్యాదగా నవ్వాడు.

"ఇంకోసారి వస్తానమ్మా. మా అమ్మాయి ఇంట్లో ఎదురుచూస్తుంటుంది. ఆలస్యమైతే కంగారుపడుతుంది, పిచ్చిది."

ఏడాదిగా మేం వినని మాట అది. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు. వెనింగ్ నోరు తెరిచింది. 'నేనే నాన్నా మీ అమ్మాయిని' అంటుందనుకున్నాను. అనలేదు. తాళం లస్మినీ చేతిలో పెట్టింది. అదిప్పుడు సైకిలుకి ఉంది.

"మీ ఇల్లెక్కడండీ?" అని అడిగింది తండ్రిని.

"ఈ సందులోనే."

"పదండి, నేనూ అటే."

ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని సందు చుట్టి రావడానికి బయల్దేరారు. పదకొండు గుమ్మాల్లోనూ మనుషులున్నాం. ఆ సాయంత్రం ఒక్కరం కూడా వాళ్ళని రమ్మనలేదు. వాళ్ళు ఇంటికి చేరాలి.