సెలైన్ చక్రం మీద నా వేలు

సూర్యాపేట దవాఖానలో ఆ మధ్యాహ్నం మా తమ్ముడి రెండు చేతులకూ రెండు సెలైన్ ప్యాకెట్లు పెట్టారు. చుక్కలుగా కాదు, ధారగా దిగుతున్నాయి. చూసి నాకు ఒళ్లు మండింది.

తమ్ముడు మేళ్లచెరువులో సిమెంటు లారీ నడుపుతాడు. పొద్దుటి నుంచి వాంతులు, విరేచనాలు. కోదాడలో ఆగుదామని వాడి భార్య, మా మరదలు అంది. పెద్ద దవాఖానకే పోదామని నేనే అన్నాను. దారిలోనే వాడి కళ్లు లోపలికి పోయాయి, చేతులు చల్లబడ్డాయి.

మా అనంతగిరిలో ఆర్‌ఎంపీ డాక్టరు ఒక్క సీసా ఎక్కించడానికి పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా పట్టేది. దూలానికున్న మేకుకు సీసా తగిలించి, "మెల్లగ ఎక్కితెనే ఒంటికి పడ్తది" అనేవాడు. ఒకసారి మిర్యాలగూడలో నాకు జ్వరమొస్తే, మంచం ఖాళీ చేయించడానికి అక్కడి దవాఖాన నర్సు గంటలో సీసా అయిపోగొట్టి పంపించింది. బస్సులో వణుక్కుంటూ వచ్చాను. ఆ నర్సు ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

ఇక్కడా అదే పని చేస్తున్నారనుకున్నాను. నర్సు పక్క మంచం దగ్గరికి పోగానే, రెండు పైపుల మీదా ఉన్న చిన్న చక్రాలను వేలితో కిందికి జరిపాను. ధార చుక్కలైంది. నా మనసు నెమ్మదించింది.

"బావా, ఎందుకు ముట్టుకుంటున్నరు?" అంది మరదలు.

"నీకు తెల్వదు. ఊకో."

కాసేపటికి తమ్ముడి తల పక్కకు వాలింది. పిలిస్తే పలకలేదు. నేను వార్డు దద్దరిల్లేలా అరిచాను. "గింత జోరుగ ఎక్కిస్తరా? మనిషిని సంపుతున్నరు! ఫిర్యాదు రాస్త!"

నర్సు పరుగెత్తుకొచ్చి బీపీ చూసింది. మళ్లీ చూసింది. తర్వాత ఆమె కళ్లు పైపు వెంట కిందికి దిగి చక్రం దగ్గర ఆగాయి.

"నేను ఫుల్లుగ ఇడిసిపెట్టిన. ఎవరు తిప్పిన్రు?"

మరదలు నా వైపు చూసింది.

"ఒంట్లె నీళ్లన్నీ పోయి బీపీ పడిపోయింది పెద్దాయనా! చుక్క చుక్క పోస్తె గుండెకు ఏం అందుతది?" అంటూనే రెండు చక్రాలూ పైకి తోసింది. డాక్టరమ్మను కేకేసింది. ఒక ప్యాకెట్ తను పట్టుకుని, ఇంకోటి నా చేతుల్లో పెట్టింది. "రెండు చేతులతోని పిసుకు. నేను ఆపమనేదాక ఆపకు."

పిసికాను. నా చేతుల్లోంచి నీళ్లు వాడి నరంలోకి పోతున్నాయి. ఇంతసేపూ వాటిని ఆపింది కూడా ఇవే చేతులని అప్పుడు తట్టింది. ప్యాకెట్ ముడతలు పడింది. ఆమె ఇంకోటి తగిలించింది. అదీ పిసికాను.

డాక్టరమ్మ వచ్చి వాడి గోరు నొక్కి చూస్తోంది, రక్తం తిరిగొచ్చి అది ఎర్రబడేదాకా లెక్కపెడుతోంది. మూడో ప్యాకెట్ సగంలో ఉండగా వాడు కళ్లు తెరిచి, "అన్నా, దూప అయితున్నది, నీళ్లియ్యి" అన్నాడు. మరదలు నేల మీద కూలబడింది.

నర్సు చెమట తుడుచుకుంటూ నన్ను చూసింది. "ఫిర్యాదు రాస్తవేమో కదా? రాయి. చక్రం ఎవరు తిప్పిన్రో అది గూడ రాయి."

మరదలి ముందర అనాల్సిన మాట కాదది. అదీ మరిచిపోను.

తమ్ముణ్ని తీసుకుని ఇంటికొచ్చాక నిజంగానే రాయడానికి కూర్చున్నాను. సెలైన్ జోరుగా ఎందుకు పోస్తున్నారో ఒక్క మాట చెప్పి ఉంటే నేను ముట్టుకునేవాణ్ని కాదు. అది న్యాయమైన ఫిర్యాదే, ఇప్పటికీ అంటాను. కానీ ఏం ముట్టుకున్నానో రాయకుండా ఆ ఫిర్యాదు ముందుకు సాగదు. అదీ రాశాను. తమ్ముడికి చక్రం సంగతి ఎవరూ చెప్పలేదు. పంపే ముందు చదవమని కాగితం వాడి చేతికే ఇచ్చాను.