రైళ్లు నడవని రోజు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో, నేను కాలేజీలో పాఠాలు చెప్పే ఊరి స్టేషన్‌లో మహబూబాబాద్ రైలు కోసం కూర్చుంటే, ఒకాయన నోటుబుక్కు పట్టుకుని అందరినీ ఏదో అడుగుతూ నా దగ్గరికి వచ్చాడు.

"ఏ పేపరు నీది?" అన్నాను.

"ఏ పేపరూ కాదక్కా. సైకిళ్లు బాగుజేస్త. రాసి పంపుత, ఏస్తే ఏస్తరు."

కోస్తా నుంచి వచ్చిన తాపీమేస్త్రీ ఒకడు ఆ స్టేషన్ దగ్గరే పట్టాల పక్కన చచ్చిపడి ఉన్నాడట. రైలు గుద్దిందని రాసి కేసు మూసేశారట. ఎవరో చంపారని ఈయన అనుమానం.

"ఆంధ్రోళ్ల కోసం నీకేంది పరేషాన్? మన పిలగాండ్లు సస్తుంటే గది రాయరాదు?" అని కయ్యానికి దిగాను.

"గది రాసెటోళ్లు మస్తుమంది ఉన్నరు. ఈయనకు ఎవ్వరు లేరు. మా ఇంటి గోడ కట్టిండక్కా. రైల్‌రోకో నాడు పొద్దుగాల నా దుకాణంల చాయ్ తాగిండు, మాపటికి పీనుగైండు. ఆ రోజు ఒక్క రైలన్న వచ్చిందా?"

ఆ రోజు వంటావార్పు. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా మేమంతా ఆ పట్టాల మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని తిన్నాం. ఒక్క రైలునూ కదలనివ్వలేదని నేనే గొప్పగా చెప్పుకున్నాను.

"రాలే," అన్నాను.

"అందరు గదే చెప్తున్నరు. పేరు రాస్తనంటే లేచిపోతున్నరు. నీ పేరు రాయాల్నా, వద్దా?"

నోరున్నదాన్నని కాలేజీ అంతా అంటుంది. నా రైలు వచ్చేదాకా ఆ నోటితో రైలెంత లేటని మాత్రమే ఆయన్ని అడిగాను. ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి చెయ్యి చాపి, బయట నిలబడ్డ ఆయన నోటుబుక్కు లాక్కొని, నా పేరు నేనే రాశాను, ఇంటిపేరుతో, కాలేజీ పేరుతో సహా.