కిటికీ గట్టు మీది గాజు

స్లైడు మీద వంద ఫీల్డులు చూడకుండా ‘లేదు’ అని రాయకూడదని నాకు పని నేర్పిన ముసలాయన మొదటి రోజే చెప్పాడు. ఫీల్డు అంటే మైక్రోస్కోపులో కన్ను పెడితే ఒక్కసారికి కనిపించే గుండ్రటి మేర. నేను నూట ఇరవై చూసేవాణ్ణి. ఆ పై ఇరవై నా తృప్తి కోసం.

పదో తరగతి తప్పి, కాఫీ తోటలో బస్తాలు లెక్కపెట్టే పనిలో చేరాను. అక్కణ్ణుంచి అరకులోయలో చర్చివాళ్ళ చిన్న ఆసుపత్రికి రిజిస్టర్లు రాయడానికి వచ్చాను. నెత్తుటి చుక్కలో మలేరియా పురుగుల్ని గుర్తుపట్టి లెక్కపెట్టడం అక్కడే చూసి నేర్చుకున్నాను. కంప్యూటరూ అంతే. ఎవరో వాడి మానేసిన కంప్యూటరును మాకు దానం చేస్తే, దానితో వచ్చిన పుస్తకం నాలుగుసార్లు చదివి, ఒక్కో బొమ్మా నొక్కి చూసి నేర్చుకున్నాను. ఆసుపత్రిలో అందరూ నన్ను మాస్టారూ అనేవారు. మాస్టారి లెక్క తప్పదని పేరు.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. వానలు వెనకబట్టిన రోజులు, అంటే మాకు జ్వరాల రోజులు. ఒక సోమవారం కిరండూల్ పాసింజరు రైల్లో విశాఖ నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. అందులో బొటనవేలంత లావు కెమెరా, దానికో యూఎస్‌బీ తీగ, ఒక సీడీ, మడత పెట్టిన కాగితం. మైక్రోస్కోపుకి పైన కన్ను పెట్టే గాజు, మేం ఐపీసు అంటాం, దాన్ని తీసేసి ఆ చోట ఈ కెమెరా బిగిస్తే స్లైడు కంప్యూటరు తెర మీద కనిపిస్తుందట. శుక్రవారం విశాఖ నుంచి ఆసుపత్రి పెద్దలు వస్తారనీ, ఈలోగా దాన్ని పనిచేయించి ఉంచమనీ కబురు.

మాది ఒంటికన్ను మైక్రోస్కోపు. కింద చిన్న అద్దం ఉంటుంది, కిటికీలోంచి వచ్చే ఎండను అది పైకి పంపుతుంది. కరెంటుతో పని లేదు. నేను ఐపీసు ఊడదీసి, పసుపు గుడ్డలో చుట్టి కిటికీ గట్టు మీద పెట్టాను. కెమెరా బిగించాను. నిటారుగా కూర్చోబెట్టడానికి పూట పట్టింది.

కాగితంలో మొదటి వాక్యమే, ముందు సీడీలోని డ్రైవరు ఎక్కించండి, ఆ తర్వాతే తీగ గుచ్చండి అని. డ్రైవరంటే ఆ పరికరం ఏమిటో, దానితో ఎలా నడుచుకోవాలో కంప్యూటరుకి చెప్పే చిన్న ప్రోగ్రాము. నేను ఏ కాగితమైనా చివరి అక్షరం దాకా చదివేవాణ్ణి. ఆ రోజు చదవకుండానే తీగ గుచ్చాను. కంప్యూటరు టింగుమంది, కొత్త పరికరం దొరికిందంది, తన దగ్గరున్న డ్రైవరేదో తానే తగిలించుకుంది. తెర మీద మాత్రం నలుపు తప్ప ఏమీ లేదు. పరికరాల జాబితాలో కెమెరా పక్కన పసుపురంగు ప్రశ్న గుర్తు.

అప్పుడు కాగితం చదివాను. తప్పు డ్రైవరు తీసేసి, సీడీ పెట్టి మళ్ళీ మొదలుపెట్టాను. సగంలో ఒక హెచ్చరిక లేచింది. ఈ డ్రైవరు పరీక్షకు నిలిచింది కాదు, ముందుకు వెళితే కంప్యూటరు ఇప్పుడో తర్వాతో దెబ్బతినవచ్చు, ఇక్కడితో ఆపమని గట్టిగా చెబుతున్నాం అని. కింద రెండు మీటలు. ఒకటి ఆపెయ్యి. రెండోది, అయినా సరే కానివ్వు. నేను జాగ్రత్తపరుణ్ణి. ఆపాను. మళ్ళీ మొదటి నుంచీ చేశాను. మళ్ళీ అదే హెచ్చరిక. మళ్ళీ ఆపాను.

మంగళవారం పొద్దున పదింటికి కొండ ఊరి ఆవిడ ఒకామె వచ్చింది. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. కొంగుముడిలోంచి కాగితం మడత తీసి నా బల్ల మీద పెట్టింది. అందులో స్లైడు. వాళ్ళ ఊళ్ళో మాత్రలిచ్చే ఆరోగ్య కార్యకర్త తీసి పంపిన నెత్తుటి చుక్క.

“మా గుంటది బాబూ. నాలుగు రోజులై వొళ్ళు కాలిపోతంది. మాత్రలేసినాం, తగ్గట్లేదు.”

“ఎన్నేళ్ళు?”

“తొమ్మిదో, పదో. బేగి సూడు బాబూ, కొండెక్కాల.”

పాప వయసు, ఊరు రిజిస్టర్లో రాసుకున్నాను. వాళ్ళ ఊరు మాకు పదకొండు కిలోమీటర్లు, అందులో రోడ్డున్నది నాలుగు. కొండ ఊళ్ళవాళ్ళు అరకు దిగేది శుక్రవారం సంతకే. మంగళవారం నాడు ఒక మనిషి దిగిందంటే మామూలు సంగతి కాదని ఇక్కడ పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. నాకూ తెలుసు.

“మిషను సిద్ధం కాలేదమ్మా. రేపు రా,” అన్నాను.

ఆవిడ స్లైడు నా బల్ల మీదే వదిలింది. వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. ఊళ్ళో ఇచ్చే మాత్రలకు తగ్గే మలేరియా ఒకటి, తగ్గనిది ఒకటి. తగ్గనిది మెదడుకెక్కుతుంది. ఏది ఏదో తేల్చేది స్లైడే. స్లైడు ఫలితం చేతికిస్తే మా సిస్టరు రెండో రకం మందు ఇస్తుంది, లేకపోతే ఇవ్వదు. కెమెరా ఊడదీసి, గుడ్డలోంచి ఐపీసు తీసి పెట్టడానికి ఎంతసేపు పడుతుందో తర్వాత ఒకసారి గడియారం పెట్టుకుని చూశాను. మూడున్నర నిమిషాలు. స్లైడు చూడ్డానికి పావుగంట. మొత్తం ఇరవై నిమిషాల లోపు.

ఎందుకు చెయ్యలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. కెమెరా తీస్తే మళ్ళీ సరిగ్గా కూర్చోబెట్టడానికి ఇంకో పూట పోతుందన్నది ఒకటి. అది నేను పైకి చెప్పుకునే కారణం. తెర మీద మొదటి స్లైడు నేనే చూడాలని, శుక్రవారం వచ్చే పెద్దలకు నేనే చూపించాలని ఉండేది. అది అసలుది.

బుధవారం ఆవిడ మళ్ళీ వచ్చింది. ఆ రోజు పొద్దుటి నుంచీ కరెంటు లేదు. వాన వెలిసి, కిటికీలోంచి ఎండ నా బల్ల మీద పరుచుకుని ఉంది. మైక్రోస్కోపు కింది అద్దం తళతళలాడుతోంది. నేను ఆ ఎండలో కూర్చుని కరెంటు కోసం ఎదురుచూశాను.

గది ఊడ్చే ఆయా చీపురు పట్టుకుని నవ్వింది. “ఏటి మాస్టారూ, పెళ్ళిసూపులకి కూకున్నట్టు కూకున్నారు దాని ముందల. అది తలెత్తదు, మీరు లెగరు.”

“కరెంటు రానీవే,” అన్నాను.

“వచ్చినా అంతే. నిన్నంతా సూసినాను కదా. మీరు నొక్కుతారు, అది వొద్దంటది. మీరు సరేనంటారు.”

అరుగు మీద కూర్చున్న ఆవిడ కూడా కొంచెం నవ్వింది. నేను నవ్వలేదు. సిస్టరు తలుపు దగ్గర నిలబడి, “ఆ పాప స్లైడు అయిందా మాస్టారూ?” అని అడిగింది. సిస్టరు కేరళ మనిషి. తెలుగు పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడుతుంది. మైక్రోస్కోపు సంగతి నాకే వదిలేసింది. నా మాట మీద అంత నమ్మకం.

“రేపటికి అయిపోతుంది సిస్టర్,” అన్నాను.

కరెంటు మూడింటికి వచ్చింది. అప్పటికి ఆవిడ వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా ఇంకో ఐదుసార్లు సీడీ పెట్టాను. ఐదుసార్లూ హెచ్చరిక వచ్చింది. ఐదుసార్లూ ఆపాను. సోమవారం నుంచీ కలిపితే పదకొండు.

గురువారం నేను తలుపు తీసేసరికే ఆవిడ అరుగు మీద ఉంది. చీకటితోనే దిగి ఉండాలి. ఆయా తెచ్చిచ్చిన టీ గ్లాసు పక్కన చల్లారిపోయి ఉంది. నన్ను చూసి లేచింది.

“రాత్తిరి నుంచి కొట్టుకుంటంది బాబూ. కాళ్ళూ సేతులూ. పిలిస్తే పలకట్లేదు. ఆళ్ళ నాన్న, మావయ్య డోలీ కడతన్నారు. ఈలోగా నువ్వు సెప్పేత్తే మందొట్టుకెల్తానని ముందల దిగిపోనాను.”

లోపలికి వెళ్ళాను. ఐపీసు కిటికీ గట్టు మీద చెయ్యి చాస్తే అందే దూరంలో ఉంది. ఆ మాట విన్నాక కూడా నా చెయ్యి దాని వైపు పోలేదు. కంప్యూటరు మీదికి పోయింది. సీడీ పెట్టాను, హెచ్చరిక వచ్చింది. ఈసారి ‘అయినా సరే కానివ్వు’ నొక్కాను. ఏమీ దెబ్బతినలేదు. కంప్యూటరు ఆగి మళ్ళీ మొదలైంది, పసుపు గుర్తు పోయింది, తెర మీద గుండ్రటి వెలుగు వచ్చింది. అన్నీ కలిపి నలభై నిమిషాలు.

ఇంకోటి కూడా ఉంది. అప్పుడు ముందుగా పెట్టింది ఆవిడ స్లైడు కాదు. పెద్దలకు చూపించడానికి దాచుకున్న చక్కటి పాత స్లైడొకటి ఉంటే, అది పెట్టి రంగులు సరిగా వస్తున్నాయో లేదో చూసుకున్నాను. ఆ తర్వాత పాపది పెట్టాను.

ఆవిడ నా వెనక వచ్చి నిలబడింది. తెర నిండా ఊదారంగు చుక్కలు. సన్నటి ఉంగరాలు, ఒక్కో ఉంగరానికి రాయి పొదిగినట్టు చిన్న చుక్క. మెదడుకెక్కే రకం.

“ఇయ్యేటి బాబూ?”

“జ్వరం పురుగులమ్మా.”

“ఇన్నా?”

మూడో ఫీల్డుకే వంద దాటాయి. నేను లెక్క ఆపేశాను. నూట ఇరవై ఫీల్డులు చూసేవాణ్ణి, మూడింటితో లేచాను.

సిస్టరు జీపు తీయించి, మందు పట్టుకుని ఆవిడతో పాటు వెళ్ళింది. కొండ దారి రోడ్డులో కలిసే చోటే డోలీ ఎదురైందట. అక్కడే మొదటి ఇంజెక్షను చేసి, అటు నుంచి అటే ఘాటు దిగి విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.

శుక్రవారం పెద్దలు వచ్చారు. తెర మీద స్లైడు చూశారు. ఆయా చేతులు కట్టుకుని వాళ్ళతో చెప్పింది, “మూడు రోజులు అన్నం నీళ్ళు మాని కూకున్నారండీ మాస్టారు, ఆ కొండ గుంట కోసం.” ఆయా మంచికే చెప్పింది. పెద్దలు చప్పట్లు కొట్టారు. నాకు శాలువా కప్పి, కంప్యూటరు పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. ఐపీసు అప్పటికీ కిటికీ గట్టు మీదే ఉంది. ఫోటోలో పడిందేమోనని తర్వాత వెతికాను. పడలేదు.

పాప బతికింది. నెల దాటాక కొండకు తిరిగి వచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం రాలేదు. మోచేతి దాకా కదులుతుంది, వేళ్ళు ముడుచుకుపోయి ఉంటాయి. మొదటి రోజే మందు పడి ఉంటే చెయ్యి నిలిచేదా అని విశాఖలో ఒక డాక్టరుని ఇంకెవరి సంగతో అయినట్టు అడిగాను. చెప్పలేం, నిలిచి ఉండొచ్చు అన్నాడు. ఆవిడ నడిచింది యాభై అయిదు కిలోమీటర్లు. ఆఖరిసారి తిరుగుదారి జీపులో కాబట్టి దాన్ని లెక్కలో వెయ్యలేదు.

ఆ తర్వాత ఆవిడ సంతలో రాజ్మా గింజలు అమ్మేది. నేను కనిపిస్తే పిలిచేది. డబ్బాతో కొలిచి పోసి, దాని పైన రెండు దోసిళ్ళు కొసరు వేసేది. వద్దంటే వినేది కాదు. పక్కవాళ్ళతో, “ఈ బాబే. మూడు రోజులు మిషను కాడి నుంచి లెగలేదు మా గుంట కోసం,” అని చెప్పేది. నేను సంచీ మూతి చూసుకుంటూ నిలబడేవాణ్ణి. సంతలో ఆవిడ కూర్చునే వరస వదిలి పై వరస నుంచి పోయిన శుక్రవారాలూ ఉన్నాయి. అప్పుడు గింజలు ఆయాతో పంపేది. ఒకసారి ఇంటికి వెళ్ళి కొసరు గింజలు విడిగా లెక్కపెట్టాను. రెండు వందల పద్నాలుగు.

ఇలా నాలుగేళ్ళు జరిగింది. ఒక శుక్రవారం పాప కూడా సంతకు వచ్చింది. పాపంటే అప్పటికి నా భుజం దాకా ఎదిగింది. కుడిచేత్తో నా సంచీ మూతి ఒక పక్క పట్టుకుని, రెండో పక్క ఎడమ మోచేతితో అదిమి తెరిచి పట్టింది. చాలా నేర్పుగా చేసింది. అలవాటైపోయిన నేర్పు. ఆవిడ డబ్బా ముంచుతూ అంది:

“బాబూ, ఒకటడగనా? అప్పుడు కిటికీ కాడ పసుపు గుడ్డలో సుట్టి ఒకటెట్టినావు కదా. ముందల దాంతోనే సూసేవోడివంట, ఆయమ్మ సెప్పింది. అది పగిలిపోనాదేటి అప్పుడు?”

ఊఁ అంటే అయిపోయేది. అడగడం కూడా నా తరఫునే అడిగింది.

“లేదమ్మా,” అన్నాను. “బాగానే ఉండేది.”

డబ్బా గింజల్లో ఆగింది. “మరి?”

“కొత్తదాంట్లో చూడాలనుకున్నాను. పాతది పెట్టి చూస్తే మంగళవారమే తెలిసేది. నువ్వొచ్చిన మొదటి రోజే.”

ఆవిడ నా ముఖంలోకి చూసింది. తర్వాత కూతురి చేతి వైపు చూసింది. ఆ పిల్ల సంచీ మూతి అలాగే పట్టుకుని ఉంది. పక్కన అల్లం అమ్మే మనిషి ఎవరితోనో బేరమాడుతున్నాడు. ఆవిడ డబ్బా పైకెత్తి, అరచేత్తో అంచుకి సరిగ్గా చదును చేసి, సంచీలో పోసింది. చెయ్యి అలవాటు కొద్దీ రాశి మీదికి వెళ్ళింది. అక్కడ కాసేపు ఉంది. ఖాళీగానే వెనక్కి వచ్చింది.

“అట్టుకెల్లు బాబూ,” అంది.

ఇంటికి వచ్చి మా డబ్బాతో కొలిచాను. సరిగ్గా ఒక డబ్బా, అంచుకి సమానం. ఒక్క గింజ ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ పై శుక్రవారం పై వరస నుంచి పోకుండా నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్ళాను. అదే కొలత పోసింది. ఇప్పటికీ అంతే.