నాయిన చేసిన కొక్కెం

మా నాయిన మోషే మెదక్‌లో ఒక బియ్యం మిల్లు లారీకి డ్రైవరు. పెద్ద మాటకారి కాడు గానీ, ఒక్క విషయంలో మాత్రం ఆయన గొప్పలు వినలేక చచ్చేవాళ్లట. లారీ వెనక ట్రాలీ తగిలించే ఇనుప కొక్కెం ఆయన స్వయంగా చేశాడు. పాతది అరిగిపోతే, విరిగిన లారీ స్ప్రింగు కమాను పట్టీ ముక్కను కొలిమిలో కాల్చి వంచి, ఇంకెప్పుడూ అరగకూడదని ఎర్రగా ఉండగానే నీళ్లలో ముంచాడు. "ఏనుగును కట్టినా ఊడది" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు.

అట్లా ముంచిన ఇనుము గట్టిపడుతుంది, పెళుసు కూడా అవుతుంది. ధాన్యం ట్రాలీని నిదానంగా లాగినన్నాళ్లూ ఏమీ కాదు. ఒక్కసారి గట్టిగా గుంజితే గాజుముక్కలా విరిగిపోతుంది. ఆ సంగతి నాయినకు తెలుసు. కానీ అంత గొప్ప చెప్పుకున్నాక ఇది మాత్రం ఏ ముఖంతో చెబుతాడు?

అది 1948 సెప్టెంబరు ఆఖరు. పోలీసు చర్య ముగిసి పదిరోజులైంది. ఆ ఏడాది నాయిన మూడు రకాల తుపాకులు చూశాడు. రజాకార్లు లారీని ఆపి ఎక్కి తిరిగారు. సంఘం దళం వాళ్లు ఆపి ఆరా తీశారు. ఇప్పుడు యూనియన్ మిలటరీ వచ్చింది. ఎవరు ఆపినా నాయిన చేసింది ఒక్కటే. చేతులెత్తి నిలబడేవాడు, అడిగినదానికే జవాబు చెప్పేవాడు, తనంతట తాను ఏదీ అడిగేవాడు కాదు. ఆ పద్ధతి వల్లనే బతికి బట్టకట్టాడు. దాన్ని తప్పుపట్టడానికి నేనెవరిని?

మా అమ్మ యేసమ్మ తొలికాన్పుకు టేక్మాల్‌లో పుట్టింట్లో ఉంది. రెండు రోజులు నొప్పులు పడ్డా బిడ్డ బయటికి రాలేదు. మంత్రసాని తనవల్ల కాదంది. అమ్మ తమ్ముడు ప్రకాశం, ఇరవై ఏళ్లవాడు, పొద్దున్నే వానలో సైకిలు తొక్కుకుంటూ మెదక్ వచ్చాడు.

"బావా, అక్క బతికేటట్టు లేదు. దవాఖానకు తీస్కపోవాలె."

మిల్లు సేటు గొడవలకు భయపడి పట్నం పోయి ఉన్నాడు. నాయిన ఎవరినీ అడక్కుండానే లారీ తీశాడు.

టేక్మాల్‌లో అమ్మను లారీలో గడ్డిమీద పడుకోబెట్టి, అమ్మమ్మ దానమ్మను పక్కన కూర్చోబెట్టి బయల్దేరారు. మెదక్ ఇంకా మూడు మైళ్లుందనగా రోడ్డు కింద నీళ్లు పారే ఒక మోరీ దగ్గర రోడ్డు తవ్వేసి ఉంది. ఎవరు తవ్వారో తెలియదు, ఆ ఏడాది రోడ్లు తవ్వనివాళ్లు లేరు. పోయేటప్పుడు పక్క చేనులోంచి ఎలాగో దాటిన లారీ, వచ్చేటప్పుడు అదే చేనులో ఇరుసు దాకా దిగబడింది. దూరంగా చర్చి శిఖరం కనబడుతూనే ఉంది. వెనక అమ్మ అరుపులు సన్నగిల్లుతున్నాయి.

నాయిన, ప్రకాశం చక్రాల కింద రాళ్లు పేరుస్తుండగా వెనకనుంచి మిలటరీ లారీ వచ్చింది. నాలుగు చక్రాలూ ఇంజనుతో తిరిగే బండి, బురదంటే దానికి లెక్కలేదు. నాయిన చేతులెత్తాడు. అధికారి దిగి చూసి, నవ్వి, చేతులు దించమన్నాడు. గొలుసు తెప్పించి, వెనక్కి గుంజుతాం, ఎక్కడ తగిలించాలి అని అడిగాడు.

గొలుసు తగిలించాల్సింది చాసిస్‌కు, అంటే లారీ అడుగు చట్రానికి. చాసిస్ బురదలో ఉంది, తవ్వాలంటే అరగంట పడుతుంది. నాయిన నోరు విప్పేలోపే ప్రకాశం తన ఉర్దూలో తెలుగు కలిపి జవాబిచ్చేశాడు.

"గీ కొక్కెం ఉన్నది సాబ్. మా బావనే చేసిండు. ఏనుగును కట్టినా ఊడది."

అధికారి నాయిన వైపు తిరిగి "పక్కా?" అన్నాడు.

"జీ సాబ్" అన్నాడు నాయిన.

ఇది పెళుసు అంటే మిలటరీవాళ్లు వదిలేసి పోతారేమోనని భయం. నిదానంగా లాగితే ఆగుతుందేమోనని ఆశ. నాయిన స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. బిగిసేదాకా గొలుసు జారిపోకుండా ఒకరు పట్టుకోవాలి. ప్రకాశం పట్టుకున్నాడు.

"గొలుసు బిగిసినంక దూరం జరుగు" అని నాయిన తల బయటికి పెట్టి చెప్పాడు. ఆయన చెప్పగలిగింది అంతే.

మొదటిసారి నిదానంగా లాగారు. లారీ జానెడు కదిలి మళ్లీ కుంగింది. అధికారి మిలటరీ లారీని మా లారీ దగ్గరికి రప్పించి, గొలుసు వదులు చేయించి, ఈసారి వేగంగా గుంజమన్నాడు. వదులైన గొలుసు జారిపోకుండా ప్రకాశం మళ్లీ వచ్చి పట్టుకున్నాడు. ఆపమని చెప్పడానికి నాయిన హారన్ మీద చెయ్యి వేశాడు. అప్పుడే వెనక అమ్మ మూలిగింది. ఈ ఒక్కసారికి కొక్కెం ఆగి బండి బయటికి వస్తుందేమో అనుకున్నాడు. హారన్ కొట్టలేదు.

కొక్కెం విరిగి గొలుసుతో పాటు ఎగిరింది. ప్రకాశం రొమ్ముకు తగిలింది.

సిపాయిలు పరుగెత్తుకొచ్చి ప్రకాశాన్ని తమ బండిలోకి ఎత్తారు. లారీలో నొప్పులు పడుతున్న మనిషి ఉందని అధికారి అప్పుడే చూశాడు. ఒక్కమాట కూడా అడగకుండా అమ్మనూ, అమ్మమ్మనూ ఎక్కించాడు. ఆ బండి చేనులోంచి అవలీలగా దాటింది. పావుగంటలో దవాఖాన చేరారు. ప్రకాశం దారిలోనే పోయాడు, అమ్మ పక్కనే. మధ్యాహ్నానికి నేను పుట్టాను.

బాప్తిస్మం రోజు పాదిరిగారు బిడ్డ పేరేమిటని అడిగితే చెప్పాల్సింది తండ్రి. నాయిన బిడ్డను అమ్మ చేతుల్లో పెట్టి పక్కకు జరిగాడట. అమ్మే చెప్పింది. ప్రకాశం అని.

నేనూ డ్రైవరునే అయ్యాను. నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు ఒకరోజు బురదలో దిగబడ్డ ట్రాక్టరును లాగడానికి మా లారీ ట్రాలీ కొక్కేనికి తాడు కడుతున్నాను. నాయిన వచ్చి నా చేతిలోంచి తాడు లాక్కున్నాడు. చాసిస్‌కు కట్టాడు. ఆ సాయంత్రం ఇదంతా నాకు చెప్పాడు, హారన్ సంగతితో సహా.

నాకు ఒళ్లు మండిపోయింది.

"గా బండి మంచిగనే దాటింది గద నాయినా. మా ఆడామెను జర ఎక్కించుకోండ్రి సాబ్ అంటే ఎక్కించుకోకపోదురా?"

"ఎక్కించుకుందురు" అన్నాడు. "తుపాకి పట్టినోన్ని ఏదన్న అడగొచ్చని నాకెర్కలేదు. గప్పుడు నాకు బండే కనబడ్డది బిడ్డా. బండి ఎల్తె మీ అమ్మ బతుకుతది. గంతే కనబడ్డది."

ఆయన అప్పుడు కూడా బిడ్డా అనే అన్నాడు. పోయేదాకా ఒక్కసారైనా నన్ను పేరుతో పిలవలేదు.