ఆరో నంబరు గొట్టం తోమిన పాపం

మా అక్క మొగుణ్ని అందరూ మరమేకు అంటారు. షూటింగ్ క్లబ్బులో తుపాకులు బాగుచేయడం ఆయన పని. ఆయనకి ఎవరితోనూ పడదు, నాతో కాస్త శ్రద్ధగా పడదు. తొమ్మిదో తరగతితో బడికి నా అవసరం తీరిపోయింది గానీ, గురిలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల పుట్టలేదు. ఎగిరే దోమని ఏ రెక్క కొట్టమంటావని అడిగి మరీ కొట్టినవాణ్ని. ఆ సంగతి చెబితే మా బావ నవ్వడు. ఆ దోమని సాక్ష్యానికి తీసుకురమ్మంటాడు.

ఆయన చేతిలోవన్నీ పాయింట్ టూటూ రైఫిళ్ళు. చెక్కనీ ఇనుమునీ కలిపే రెండు మరమేకుల్ని పావు చుట్టు ఎక్కువ బిగించినా గుండు పక్కకి పోతుందని ఆయన నమ్మకం. ఒకే కంపెనీ తూటాలైనా డబ్బా మీది తయారీ నంబరు మారితే మళ్ళీ మొదటినుంచి పరీక్షే. ఆరో నంబరు రైఫిలుకి నచ్చిన తూటాలు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. కొత్త అల్లుడికి కూడా అంత వెతికి వడ్డించరు.

అంతలో కొత్త సెక్రటరీ దిగాడు. రెండు పోటీల్లో ఆయన గుండ్లు గురి అట్ట అంచులు చూసి వచ్చాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు తుపాకులదీ వాటిని చూసేవాడిదీ అని తేల్చాడు. తేల్చి ఒక పరీక్ష పెట్టాడు. ఆదివారం పొద్దున సభ్యులందరి ముందు బావ ఆరో నంబరుతో యాభై మీటర్ల నుంచి పది గుండ్లు కొట్టాలి. పది చిల్లులూ ఒక్క నాణెం కింద దాగాలి. అంతకు ముందు బావ ఒక్క గుండు కూడా కొట్టి చూసుకోకూడదు. గురి తప్పితే తాళాలు అప్పగించి ఇంటికి పోవాలి. ఇరవై రెండేళ్ళుగా ఆయన పనిచేసిన బల్ల ఇంకొకడిది అవుతుంది.

శనివారం సెక్రటరీ నన్ను క్లబ్బుకి పిలిచి, ఆరో నంబరు చేతికిచ్చి, రేపు మీ బావ మురికి వంక చెప్పకుండా గొట్టం శుభ్రం చెయ్యమన్నాడు. బావకి మేలు చేసినట్టూ ఉంటుంది, నా పనితనం చూపినట్టూ ఉంటుందని తోమాను. ఎంత తోమానంటే, ఆ గొట్టంలోంచి చూస్తే పక్క ఊళ్ళో గడియారం ఎంతైందో కనబడింది.

మర్నాడు బావ గొట్టంలోకి చూశాడు. మొహం నల్లబడింది.

"ఎవడు తోమింది?"

"నేనే బావా, సెక్రటరీ గారు చెయ్యమన్నారు. అద్దంలా లేదూ?"

"నీ బుర్రలా ఉంది. లోపల ఏమీ లేదు."

పళ్ళు బిగించి చెప్పాడు. ఈ తూటాకి మైనం పూత ఉంటుందట. కొట్టగా కొట్టగా అది గొట్టం లోపల సన్నగా పట్టుకుని ప్రతి గుండుకీ ఒకే దారి ఇస్తుందట. నేను తోమిపారేసింది ఆ దారినే. అది మళ్ళీ పట్టాలంటే పదిహేను, ఇరవై గుండ్లయినా వెళ్ళాలి. అన్ని గుండ్లు కొట్టే హక్కు బావకి లేదు.

ఆయన తిన్నగా సెక్రటరీ దగ్గరికి వెళ్ళి, రైఫిలూ తన తూటాల డబ్బా ఆయన ముందు పెట్టాడు.

"ముందు మీరు కొట్టండి సార్, తనివితీరా. మీకు చేతకాక తుపాకీని తిడుతున్నారని వీళ్ళంతా అనుకుంటున్నారు."

అందరూ వింటుండగా అన్నాక సెక్రటరీ ఆగుతాడా? ఇరవై గుండ్లు కొట్టాడు. మొదటివి అట్ట నాలుగు మూలలకీ కాపురాలు పెట్టాయి. చివరివి దగ్గరికి జరుగుతున్నాయని దుర్బిణిలో నాకు కనిపిస్తూనే ఉంది. ఆయన మాత్రం చెల్లాచెదురైన చిల్లులే అందరికీ చూపించి, ఇదీ మీ మరమేకు పనితనం అని నవ్వాడు.

అప్పుడు బావ పడుకుని, ఊపిరి బిగబట్టి, తొందర లేకుండా కొత్త అట్ట మీద పది కొట్టాడు. అట్ట తెచ్చి నాణెం పెడితే చిల్లు కనబడలేదు.

సెక్రటరీ ఇంకా అట్టనే తిప్పి చూస్తుంటే బావ తాళాలు జేబులో వేసుకున్నాడు.

"మీరే తోమించారు, మీరే మైనం పట్టించారు. ఇంకెప్పుడైనా నా గొట్టం జోలికొస్తే మాత్రం ఊరుకోను."

ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు. తోమే బ్రష్షులన్నీ బీరువాలో పెట్టి బావ తాళం వేశాడు. ఆ రోజు భోజనానికి కూర్చుంటే నా మొహం చూడకుండా అక్కతో అన్నాడు.

"మీ తమ్ముడికి తోముడు సరదా ఎక్కువ. తిన్నాక గిన్నెలు వాడికే వెయ్యి."

అక్క వేసింది.