అబ్రహాము నమ్మిన చెయ్యి

“ఏమయ్యా అబ్రహామూ, దేవుడి మీద నమ్మకం లేదా నీకు?”

1985లో ఒక ఆదివారం ఆరాధన ముగిసి, గుడిమెట్ల దగ్గర జనం చెప్పులు వెతుక్కుంటుండగా సంఘపెద్ద సుందరయ్య అందరూ వినేలా అడిగిన ప్రశ్న ఇది. దానికి కారణం అబ్రహాము చంకలో ఉంది. గుంటూరు వెళ్లి మరీ కొనుక్కొచ్చిన ఎర్ర హెల్మెట్టు.

“దేవుడి మీద ఉందండి,” అన్నాడు అబ్రహాము. “లారీవాళ్ల మీదే లేదు.”

జనం నవ్వారు. సుందరయ్య నవ్వలేదు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఎదురు సమాధానం ఆయనకు అలవాటు లేదు. “ప్రార్థన చేసుకుని బండెక్కేవాడికి నెత్తిన ఆ కుండ దేనికంట?” అన్నాడు. ఆ రోజు నుంచి తెనాలిలో వాళ్ల పేట మొత్తానికీ అతను కుండ అబ్రహాము.

అబ్రహాము ఒక హోల్‌సేల్ మందుల కొట్టులో పనిచేసేవాడు. రాజ్‌దూత్ మీద రేపల్లె, బాపట్ల తిరిగి, ఊరూరా మందుల షాపుల్లో ఆర్డర్లు రాసుకురావడం అతని పని. అదే పనిలో అతనికి జోడీ లూకా. అంతకు ముందు ఏడాది బాపట్ల నుంచి వస్తుంటే లూకా పోయాడు. చెడిపోయిన లారీ వెనక డ్రైవర్లు రోడ్డు మీద బండరాళ్లు పేరుస్తారు. లారీ బాగుపడగానే ఎక్కి వెళ్లిపోతారు. రాళ్లు ఎవడి ఖర్మకు వాడికి వదిలేస్తారు. మసక వేళ లూకా బండి అలాంటి రాయికి తగిలింది. లూకా కూడా ప్రార్థన చేసుకునే బండెక్కాడు. గుడిమెట్ల దగ్గర ఈ మాట అనగలిగేవాడే. లూకా భార్య అక్కడే ఉంది గనుక అబ్రహాము అనలేదు.

అనుమానం మంచిది కాదని చెప్పేవాళ్లు రేపల్లె రోడ్డు మీద బండి నడిపి ఉండరు. అబ్రహాము రోడ్డు మీద కనిపించిన ప్రతిదాన్నీ అనుమానించాడు. ఆగి ఉన్న జీపు కనిపిస్తే డ్రైవరు మొహం చూసేవాడు కాదు, ముందు చక్రం ఎటు తిరిగి ఉందో చూసేవాడు. ఎడ్లబండి ఎదురైతే తోలేవాడితో పనిలేదు, ఎద్దు చెవుల్ని గమనించేవాడు. రోడ్డు సగం దాటిన ముసలమ్మ వెనక్కే వస్తుందని ముందే అనుకునేవాడు. తరచూ ఆవిడ వెనక్కే వచ్చేది. గేదె, కోడిపెట్ట, గడ్డిమోపు కట్టిన సైకిలు, అన్నిటికీ తనను చంపే ఉద్దేశం ఉందనే నమ్మకంతో నడిపాడు గనుక ఏ ఒక్కటీ అతన్ని తాకలేదు. పొద్దుపోయి ఇంటికొచ్చిన మొగుడి కళ్లు చూసి సారా అనేది: “ఇంట్లోకొచ్చావు. ఇక నన్ను అట్టా చూడమాక.”

1993లో అతని అనుమానానికి ఇంట్లోనే పరీక్ష వచ్చింది. కూతురు రిబ్కాకు వేమూరు దాటాక ఒక పల్లెలో టీచరుగా టెంపరరీ ఉద్యోగం దొరికింది. పొద్దున బస్సు తెనాలిలోనే నిండిపోయి, ఆపకుండా వెళ్లిపోయేది. రిబ్కా లేటుగా చేరడం, హెడ్‌మిస్ట్రెస్ గడియారం వంక చూడటం మామూలైపోయింది. చివరికి ఆవిడ తేల్చి చెప్పింది: ఇంకొక్కసారి లేటైతే వేరే అమ్మాయిని పెట్టుకుంటాం.

“లూనా మోపెడ్ కొనుక్కుంటా నాన్నా,” అంది రిబ్కా.

“వద్దు.”

“రోజూ నువ్వు తిరిగే రోడ్డేగా?” అంది సారా.

“అందుకే వద్దంటున్నా.”

తల్లీకూతుళ్లు ఒకటైన ఇంట్లో మగవాడి మాట ఎన్నాళ్లు నిలుస్తుంది? లూనా వచ్చింది. కానీ అబ్రహాము ఒక షరతు పెట్టాడు. తనకు నమ్మకం కుదిరేదాకా రోజూ రాజ్‌దూత్ మీద వెనకే వస్తాడు. రిబ్కా ఒక్క తప్పు చేసినా లూనా అమ్మేస్తాడు. లూనా పోతే ఉద్యోగం కూడా పోయినట్టేనని ఇద్దరికీ తెలుసు.

ఆగిన బస్సు కనిపిస్తే చాలు, కూతుర్ని ఆపించి పాఠం మొదలుపెట్టేవాడు.

“వంగి చూడు. బస్సు కింద అవతల ఏం కనపడుతున్నయ్?”

“రెండు కాళ్లు.”

“చెప్పులున్నయ్యా?”

“లేవు. చిన్నకాళ్లు.”

“పిల్లోడన్నమాట. ఉరికొస్తాడు. ఆగు.”

పిల్లవాడు నిజంగానే బస్సు ముందునుంచి ఉరికొచ్చాడు.

“ముందు బండివాడు చెయ్యి ఊపి పొమ్మన్నాడనుకో, పోతావా?”

“పోను.”

“ఎందుకని?”

“చెయ్యి ఆయనది, తల నాది.” రోజూ అప్పజెప్పీ అప్పజెప్పీ రిబ్కాకు ఇది ఎక్కాల్లా నోటికి వచ్చేసింది. “ఇంక చాలు నాన్నా. బళ్లో పిల్లలకైనా నేను ఇన్నిసార్లు చెప్పించను.”

ఫిబ్రవరి చివర మినుము పీకుతారు. ఆ వైపు రైతులు ఎండిన మినుము కట్టెను రోడ్డు మీద పరిచేస్తారు. వచ్చీపోయే బస్సులే దాన్ని తొక్కి గింజలు రాలుస్తాయి. డబ్బు కట్టక్కర్లేని నూర్పిడి. చెదిరిపోకుండా అంచు వెంబడి రాళ్లు పెడతారు. ఎండిన కట్టె మీద రెండు చక్రాల బండి సబ్బు మీద కాలేసినట్టు జారుతుంది. ఈ సంగతి రైతుకూ తెలుసు, పోలీసుకూ తెలుసు. అడిగేవాడు లేడు.

ఆ రోజు రైలు గేటు పడి ఇద్దరికీ ఆలస్యమైంది. వేమూరు దాటాక చూస్తే ముందు ఒక స్కూటరు నత్తలా పోతోంది. దాని మీద సుందరయ్య. రేపల్లెలో ఏదో కూటానికి బయల్దేరాడు. రోడ్డుకు కుడివైపంతా మినుము పరిచి ఉంది. ముందు మలుపు. ఈతచెట్లు అడ్డం, అవతల ఏముందో కనపడదు. వెనక బళ్ల చప్పుడు విని సుందరయ్య తల తిప్పకుండానే చెయ్యి ఎత్తి, పొండి పొండి అన్నట్టు ఊపాడు.

రిబ్కా దాటలేదు. స్కూటరు వెనకే నిదానంగా పోతోంది.

అబ్రహాము గడియారం చూసుకున్నాడు. ఇంకొంచెం ఆగితే అమ్మాయి ఉద్యోగం పోతుంది. పొమ్మంటున్నది లారీవాడు కాదు, సంఘపెద్ద. పెద్దాయన దారి ఇస్తే తీసుకోకపోవడం ఏం మర్యాద? హారను కొట్టాడు. అయినా రిబ్కా దాటలేదు. చిరాకొచ్చి, ముందు తాను వెళ్లి చూపిద్దామని కూతుర్ని దాటి, సుందరయ్యను దాటడానికి మినుము కట్టె మీదికి బండెక్కించాడు.

మలుపులోంచి రేపల్లె బస్సు వచ్చింది.

అబ్రహాము బ్రేకు వేశాడు. బండి పక్కకు జారిపోయింది. అతని తల వెళ్లి అంచు రాయికి కొట్టుకుంది. చప్పుడు రిబ్కాకు వినపడింది. బస్సు అడుగు దూరంలో ఆగింది.

భుజం దగ్గర ఎముక విరిగింది. హెల్మెట్టు నిలువునా చీలింది. తల మాత్రం చీలలేదు.

“నీకు దాటిపోయే బుద్ధి ఎందుకు పుట్టింది నాన్నా?” రిబ్కా అతన్ని లేవదీస్తూ ఏడుపు, కోపం కలిపి అడిగింది.

“సుందరయ్యగారు పొమ్మన్నారు కదే.”

“చెయ్యి ఆయనది, తల నీది కాదా?”

దానికి జవాబు స్కూటరు పక్కకు పెట్టి వచ్చిన సుందరయ్య ఇచ్చాడు. “నేను దారిచ్చానయ్యా. దూసుకుపొమ్మన్నానా? ముందు చూసుకోవాల్సింది నువ్వు.”

అన్యాయమైన మాటే. లెక్కలో మాత్రం తప్పు లేదు. అబ్రహాముకు మండింది అందుకే.

కండక్టరు అతన్ని బస్సెక్కించాడు. తెనాలి పోయే బస్సే. రిబ్కా కూడా ఎక్కబోయింది.

“నువ్వెక్కడికి? బడికి పో,” అన్నాడు అబ్రహాము.

“నిన్ను ఇట్టా వదిలేసా?”

“ఎముకే గదే, కట్టు కడతారు. ఉద్యోగం పోతే ఎవరు కడతారు? పో.”

“వెనక నువ్వు లేకుండానా?”

“నేను లేకపోతేనే నీకు నయం. ఇందాక చూశావుగా.”

రిబ్కా లూనా ఎక్కింది. బస్సు ఇంకా కదల్లేదు. కిటికీలోంచి అబ్రహాము చూస్తుండగా, ఆ పిల్ల బయల్దేరబోతూ ఆగి, నడుం వంచి, బస్సు కింద ఎవరి కాళ్లయినా ఉన్నాయా అని చూసుకుంది. లేవు. అప్పుడు కదిలింది. గంట కొట్టకముందే బడికి చేరింది. అబ్రహాము మళ్లీ ఎప్పుడూ ఆమె వెనక వెళ్లలేదు. మూడేళ్ల తర్వాత ఆమె ఉద్యోగం పర్మనెంటయింది.

బండి పడిన తరువాతి ఆదివారమే గుడిలో అబ్రహాము కోసం కృతజ్ఞతా ప్రార్థన జరిగింది. చేసింది సుందరయ్యే. కంఠం వణికించి మరీ చేశాడు. చీలిన హెల్మెట్టు ప్రస్తావన అందులో రాలేదు. మెట్ల దగ్గర జనం పలచబడ్డాక పెద్దాయన అబ్రహామును పక్కకు పిలిచాడు.

“గుంటూరులో ఎక్కడ కొన్నావయ్యా ఆ కుండ?”

“ఎవరికండి?”

“ఎవరికైతే ఏం? ఈసారి నీకు కొనుక్కునేటప్పుడు నాకూ ఒకటి పట్రా. డబ్బులు ఇక్కడ ఇచ్చేస్తాలే.”

అబ్రహాము అనుమానంగానే చూశాడు. అయినా తెచ్చాడు. సుందరయ్య దాన్ని పెట్టుకున్నాడు, ఊరు దాటాక. స్కూటరు నడపడం మానేశాక ఆ హెల్మెట్టును మనవడికి ఇచ్చాడు.

దాని ఖరీదు మూడు వందల ఇరవై రూపాయలు. ఆ డబ్బు అబ్రహాముకు ఇంకా రావాలి.